సాంటా క్లారా కౌంటీలో ఏ ఊర్లో దిగాలి? మారతహళ్ళి రీలొకేషన్ సర్వీస్ గురించి నా రివ్యూ

మేము ఉండేది బెంగళూరులో. మా ఆయనకి ఎల్-1 (కంపెనీ తన ఉద్యోగిని అమెరికా ఆఫీస్‌కి మార్చే వీసా) వచ్చింది, ఆఫీస్ కాలిఫోర్నియాలో సాంటా క్లారా ఊర్లో, జూలైలో ప్రయాణం. నేను, పాప కూడా వెళ్తున్నాం, మా అత్త రెండు నెలలు ఆగి వస్తుంది. ఇల్లు ఎక్కడ తీసుకోవాలి అని రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని వెతికి వెతికి, ఒకరు సన్నీవేల్ అంటారు ఇంకొకరు ఫ్రీమాంట్ అంటారు, మా ఆయన కొలీగ్ అయితే కూపర్టినో తప్ప ఇంకేం వద్దన్నాడు, చివరికి తల తిరిగిపోయి మారతహళ్ళి బ్రిడ్జ్ దగ్గర వేరే దేశం వెళ్ళేవాళ్ళకి ఎక్కడ దిగాలో చెప్పే ఒక రీలొకేషన్ కన్సల్టెన్సీ ఉందని అపార్ట్‌మెంట్‌లో ఎవరో చెప్తే అక్కడికి వెళ్ళాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే కంప్లైంట్ కూడా ఉంది ఇందులో. ప్యాకేజ్ 15,000, జీఎస్టీతో కలిపి 17,700 కట్టాం. దానికి రెండు వస్తాయి, ఒకటి ‘ఇండియన్ కమ్యూనిటీ రిపోర్ట్’ అని ఊరు ఊరికీ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూపించే రంగుల ఫైల్, రెండోది ఒక గంట కన్సల్టేషన్. ఈ రెండింటికీ నేల ఆకాశం అంత తేడా ఉంది, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా.

ముందు రిపోర్ట్. 32 పేజీలు, కౌంటీ మ్యాప్, ఊర్లకి ముదురు నారింజ, లేత నారింజ, పసుపు రంగులు. నారింజ అంటే ఇండియన్స్ ఎక్కువ. చూడ్డానికి బాగుంది, మా ఆయన అయితే చూసిన వెంటనే సరే ఈ నాలుగు నారింజ ఊర్లలో ఏదో ఒకటి ఫిక్స్ చేద్దాం అన్నాడు. నాకే ఎందుకో ఒకసారి లైన్ లైన్ చదవాలనిపించింది, ఎందుకంటే అద్దె అగ్రిమెంట్ ఒక సంవత్సరానికి రాయించుకుంటారు, తప్పు ఊర్లో దిగితే మధ్యలో మారడం పాపకి మళ్ళీ స్కూల్ మార్పు.

మొదటి పేజీలోనే ఫ్రీమాంట్‌ని సాంటా క్లారా కౌంటీ ఊర్ల లిస్ట్‌లో పెట్టారు. ఫ్రీమాంట్ ఆ కౌంటీలో లేదు, అలమీడా కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది కదా, సాంటా క్లారా కౌంటీలో 15 ఊర్లున్నాయి, శాన్ హోసే, సన్నీవేల్, సాంటా క్లారా, కూపర్టినో, మౌంటెన్ వ్యూ, పాలో ఆల్టో, మిల్పిటాస్, సరటోగా, ఇలా కింద మోర్గన్ హిల్, గిల్రాయ్ దాకా. 2020 లెక్కల్లో కౌంటీ మొత్తం 19,36,259 మంది, అందులో సగానికి పైగా, 10,13,240 మంది ఒక్క శాన్ హోసేలోనే. ఫ్రీమాంట్ మిల్పిటాస్‌ని ఆనుకునే ఉంటుంది, అత్తిబెలె దాటగానే హోసూరు తమిళనాడులోకి పోయినట్టు మిల్పిటాస్ దాటితే వేరే కౌంటీ. హోసూరులో ఉండి ఎలక్ట్రానిక్ సిటీకి డ్యూటీకి వచ్చేవాళ్ళు వేల మంది ఉన్నారు, అది తప్పు కాదు, కానీ బండి రిజిస్ట్రేషన్ దగ్గర నుంచి పిల్లల స్కూల్ దాకా అన్నీ మారతాయి కదా, అక్కడ కూడా అంతే, కౌంటీ మారితే కౌంటీ ఆఫీస్, సేల్స్ ట్యాక్స్ రేటు మారిపోతాయి. డబ్బులు తీసుకుని ఇచ్చే రిపోర్ట్‌లో ఇది మొదటి పేజీలో తప్పు రాయడం నాకు చాలా బాధ అనిపించింది.

దానికంటే పెద్ద తప్పు 11వ పేజీలో. ‘ఫ్రీమాంట్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్’ని ఫ్రీమాంట్ ఊరి కింద రాశారు. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, ఒక ప్రాంతం ప్రభుత్వ స్కూళ్ళని నడిపే బోర్డు, ఇంటి అడ్రస్‌ని బట్టి పిల్లలు ఏ డిస్ట్రిక్ట్‌కి వస్తారో తేలుతుంది. ఇది అందరూ పడే గోతి, నేను కూడా మొదట అలాగే అనుకున్నా. ఆ డిస్ట్రిక్ట్‌కి ఫ్రీమాంట్ ఊరితో ఏ సంబంధం లేదు! అది సన్నీవేల్, కూపర్టినో వైపు పిల్లలది. అందులో ఐదు హైస్కూళ్ళు, మాంటా విస్టా, హోమ్‌స్టెడ్, లిన్‌బ్రూక్, కూపర్టినో హై, ఫ్రీమాంట్ హై. ఈ ఫ్రీమాంట్ హైస్కూల్ ఉండేది సన్నీవేల్లో, లిన్‌బ్రూక్ ఉండేది శాన్ హోసేలో. ఇంకోవైపు ‘మిషన్ శాన్ హోసే’ అనేది శాన్ హోసేలో లేదు, ఫ్రీమాంట్లో ఉంది, 1956లో ఐదు చిన్న ఊర్లు కలిపి ఫ్రీమాంట్ అని చేసినప్పుడు అందులో ఒకటి మిషన్ శాన్ హోసే. రిపోర్ట్‌లో ఈ రెండూ తారుమారు. ఇప్పుడు ఎవరైనా స్కూల్ పేరు చూసి, ఆ ఊర్లో మనవాళ్ళు ఎక్కువ అని మ్యాప్ చూసి, ఫ్రీమాంట్లో అడ్వాన్స్ కట్టేస్తే వాళ్ళ పరిస్థితి ఏంటి? ఇక్కడ సర్జాపుర రోడ్‌లో సీటు అనుకుని ఊరికి ఆ చివర యలహంకలో ఇల్లు తీసుకున్నట్టు అవుతుంది.

ఇంకో విషయం, ఇది తప్పు అనను కానీ రిపోర్ట్ చెప్పని విషయం. ‘ఇండియన్స్’ అని ఒకే రంగు వేశారు. ఆ లెక్క ఎక్కడిది అని అడిగితే సెన్సస్ అన్నారు. అమెరికా సెన్సస్‌లో మనకి ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి వచ్చిందే 1980లో. అంతకుముందు 1920, 1930, 1940లో అయితే మనదేశం వాళ్ళందరినీ ‘హిందూ’ అనే జాతిగా రాసుకున్నారు, అప్పుడు కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు, వాళ్ళని కూడా హిందూ అనే రాశారు. ఇప్పటి గడిలో కూడా పంజాబీ, గుజరాతీ, తమిళం, మనం, అందరం ఒకే టిక్కు. మనం తెలుగు అని తెలిసేది ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడిగే వేరే సర్వేలో మాత్రమే, అది అందరినీ అడగరు, కొన్ని ఇళ్ళకే పంపుతారు. కాబట్టి నారింజ రంగు చూసి మనవాళ్ళు అనుకుంటే అది సగం నిజం. బెంగళూరులోనే చూడండి, తెలుగువాళ్ళు ఎక్కడ అంటే ఏం చెప్తాం? మున్నేకొళాలలో, కుందలహళ్ళిలో పీజీల్లో ఉండే పిల్లలు వేరు, వయ్యాలికావల్ టీటీడీ గుడి చుట్టూ ముప్పై నలభై ఏళ్ళుగా ఉన్న కుటుంబాలు వేరు, హొసకోటె వైపు తరతరాలుగా తెలుగే మాట్లాడుకునే రైతులు వేరు. మ్యాప్‌లో అందరూ ఒక చుక్కే. మా అత్తని తీసుకెళ్ళి మున్నేకొళాల పీజీ వీధిలో పెడితే చుట్టూ తెలుగే వినిపిస్తుంది కానీ మధ్యాహ్నం పూట మాట్లాడ్డానికి ఒక్క మనిషి ఉండదు, అందరూ ఆఫీసుల్లో ఉంటారు.

నాకు అసలు దిగులు అదే. పాప స్కూల్ ఎలాగో అలవాటు పడుతుంది, మాకు ఆఫీసులు ఉంటాయి (ఎల్-1 వాళ్ళ భార్యకి ఇచ్చే ఎల్-2 వీసా మీద నేను కూడా పనిచేసుకోవచ్చు, 2021 నవంబర్ నుంచి దానికి వేరే పర్మిట్ కోసం ఆగాల్సిన పని లేదు). అత్తకి హిందూపురం దాటి బయట ఉండడం అలవాటు లేదు, ఇక్కడికి వచ్చిన నాలుగేళ్ళలో కూడా కూరగాయలు తెచ్చే అమ్మాయితో, కింద ఫ్లోర్‌లో ఉండే ఒక పెద్దావిడతో తప్ప మాట లేదు. డ్రైవింగ్ రాదు, ఇంగ్లీష్ రాదు. విజిటర్ వీసా మీద ఒకసారి వెళ్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు, ఆ ఆరు నెలలు నాలుగు గోడల మధ్య ఉంచితే ఆ మనిషి ఏమైపోతుందో అని నాకు నిద్ర పట్టేది కాదు. నేను ఫారంలో కూడా ఇదే రాశా, పెద్దామె నడిచి వెళ్ళగలిగే చోటు కావాలి అని. రిపోర్ట్‌లో దాని గురించి ఒక్క లైన్ లేదు.

తప్పులన్నీ పెన్‌తో దిద్ది, శనివారం మళ్ళీ వెళ్ళా. ఫ్రంట్ డెస్క్ అమ్మాయి మేడమ్ ఇది హెడ్ ఆఫీస్ నుంచి వస్తుంది మేము మార్చలేం అంది. నేను గట్టిగా మాట్లాడకుండా కన్సల్టేషన్ గంట ఇప్పుడే కావాలి అని అడిగా. అరగంట కూర్చోబెట్టి లోపలికి పంపారు. అక్కడ ఉన్న సార్ వయసు అరవై దగ్గర ఉంటుంది, నెల్లూరు మనిషి, అక్కడ ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసి తల్లిదండ్రుల కోసం వెనక్కి వచ్చేశారంట. నా దిద్దిన కాపీ చూసి, కరెక్టే అమ్మా, నేను కూడా రెండుసార్లు చెప్పాను వాళ్ళకి, అన్నారు. రంగుల ఫైల్ పక్కన పెట్టేసి తెల్ల కాగితం తీసుకుని గీత గీశారు. ఆ గంట కోసమే నేను ఈ రివ్యూలో స్టార్లు ఇస్తున్నా.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తా. ముందు చిప్పుల కంపెనీలు వచ్చాయి, ఇంటెల్ 1968లో పెట్టారు, 1965లో అమెరికా వీసా చట్టం మారాక మన ఇంజనీర్లు పోవడం మొదలైంది, అలా తొందరగా పోయి సెటిలైనవాళ్ళలో చాలామంది కూపర్టినో, సరటోగా, లాస్ ఆల్టోస్ వైపు ఇళ్ళు కొనుక్కున్నారు. అక్కడ ఇప్పుడు పెద్ద పెద్ద ఇళ్ళు, మనవాళ్ళు ఉంటారు కానీ కారు లేకుండా పక్క ఇంటికి కూడా వెళ్ళడం కష్టం. తర్వాత వైటూకే టైంలో (2000 వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని సరిచేయించిన రోజులు), హెచ్-1బి అనే ఉద్యోగ వీసాల కోటా ఏడాదికి 65,000 నుంచి 1999లో 1,15,000కి, 2001 నుంచి 2003 వరకు 1,95,000కి పెంచినప్పుడు అమీర్‌పేటలో కోర్సులు చేసిన మన పిల్లలు గుంపులుగా వెళ్ళారు, వాళ్ళు దిగింది సన్నీవేల్, సాంటా క్లారా, ఉత్తర శాన్ హోసే అపార్ట్‌మెంట్లలో, ఆఫీసులు దగ్గర కాబట్టి. పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టాక సొంత ఇల్లు కావాలంటే అక్కడ ధరలు అందక ఫ్రీమాంట్ వైపు, ఇంకా దూరం డబ్లిన్, శాన్ రామోన్ వైపు పోయారు. పంజాబీలది వేరే దారి, శాన్ హోసేలో ఎవర్‌గ్రీన్ కొండల మీద పెద్ద గురుద్వారా ఉంది, ఫ్రీమాంట్లో గురుద్వారా ఉన్న రోడ్డు పేరే గురుద్వారా రోడ్. అదే ఫ్రీమాంట్లో ఆఫ్ఘన్ వాళ్ళు కూడా ఎక్కువ, సెంటర్‌విల్ ప్రాంతాన్ని లిటిల్ కాబూల్ అంటారు. శాన్ హోసేలో అయితే వియత్నాం వాళ్ళు లక్షకు పైన, వియత్నాం బయట ఏ ఒక్క ఊర్లోనూ అంతమంది లేరంట. కాబట్టి ఊరు మొత్తానికి ఒక రంగు వేయడం కాదమ్మా, ఏ వీధి, ఏ బస్సు, ఏ వయసు వాళ్ళు అని అడగాలి, అన్నారు. ఈ మాట నాకు చాలా నచ్చింది.

అత్త గురించి చెప్పగానే ఆయన గొంతు మారింది, వాళ్ళమ్మగారు కూడా అక్కడ ఆరు నెలలు ఉండి కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ కూర్చునేవారంట. ఆయన రెండు చోట్లు గీశారు.

ఒకటి మిల్పిటాస్. అక్కడ ఇండియా కమ్యూనిటీ సెంటర్ ఉంది, పెద్దవాళ్ళకి పగటిపూట ప్రోగ్రాములు జరుగుతాయి. సిలికానాంధ్ర అనే అక్కడి తెలుగువాళ్ళ సంస్థ పెట్టిన యూనివర్సిటీ కూడా మిల్పిటాస్‌లోనే. పాపకి తెలుగు మర్చిపోకుండా సిలికానాంధ్ర వాళ్ళ మనబడి క్లాసులు చాలా ఊర్లలో ఉంటాయి, 2007 నుంచి నడుపుతున్నారు కాబట్టి దాని కోసం ఊరు మార్చుకోనక్కర్లేదు అని కూడా చెప్పారు. మా ఆయన ఆఫీస్ సాంటా క్లారాలో గ్రేట్ అమెరికా అనే చోటు దగ్గర, మిల్పిటాస్ నుంచి వీటీఏ (ఆ కౌంటీ బస్సులు, ట్రైన్లు నడిపే సంస్థ) ఆరెంజ్ లైన్ ట్రైన్ నేరుగా అటే పోతుంది, మౌంటెన్ వ్యూ దాకా. 2020 జూన్‌లో బార్ట్ అనే, మన మెట్రో లాంటి రైలు కూడా మిల్పిటాస్ వచ్చింది, అంటే శాన్ ఫ్రాన్సిస్కోకి కూడా రైల్లో పోవచ్చు. ఇక్కడ మెట్రో పర్పుల్ లైన్ వచ్చాక వైట్‌ఫీల్డ్ వాళ్ళ బతుకు ఎంత మారిందో మనకి తెలుసు కదా. కానీ వాసన! న్యూబీ ఐలాండ్ అని చెత్త డంపింగ్ యార్డ్ మిల్పిటాస్ పక్కనే ఉంది, గాలి ఇటు తిరిగితే వాసన వస్తుంది, ఏళ్ళ తరబడి ఊరివాళ్ళు గొడవ చేస్తూనే ఉన్నారు. ముందే చెప్పండి మీ ఆయనకి, వెళ్ళాక నన్ను తిట్టుకోవద్దు, అన్నారు సార్. బెళ్ళందూరు చెరువు పక్కన మూడేళ్ళు ఉన్నాం మేము, నురగ రోడ్డు మీదకి వచ్చినప్పుడు పాపని ముక్కుకి గుడ్డ కట్టి స్కూల్‌కి పంపిన రోజులు ఉన్నాయి, మళ్ళీ అలాంటి చోటికి డబ్బులిచ్చి పోవడం నా వల్ల కాదు. ఇంత ముఖ్యమైన విషయం 32 పేజీల్లో ఎక్కడా లేదు, మిల్పిటాస్‌కి ముదురు నారింజ వేసి వదిలేశారు.

రెండోది ఎల్ కామినో రియల్ రోడ్డు, సన్నీవేల్, సాంటా క్లారా మధ్య. ఆ రోడ్డు పొడుగునా మనవాళ్ళ కిరాణా షాపులు, టిఫిన్ సెంటర్లు, స్వీట్ షాపులు. 22 నంబర్ బస్ ఆ రోడ్డు మీదే పాలో ఆల్టో నుంచి శాన్ హోసే వైపు తిరుగుతూ ఉంటుంది. రోడ్డుకి రెండు మూడు వీధుల లోపల అపార్ట్‌మెంట్ తీసుకుంటే పెద్దామె సాయంత్రం నడిచి వెళ్ళి కరివేపాకు కట్ట కొనుక్కుని రావచ్చు, ఆ షాపులో ఇంకో అత్తగారో అమ్మగారో కనిపిస్తారు, అలాగే పరిచయాలు అవుతాయి, గుడి కంటే కిరాణా షాపే ముఖ్యం అన్నారు. సన్నీవేల్ గుడి ఫేమస్ కానీ అది పర్షియన్ డ్రైవ్‌లో, 237 హైవే పక్కన, ఎల్ కామినో నుంచి నడిచే దూరం కాదు. లివర్‌మోర్ శివ విష్ణు గుడి అయితే అలమీడా కౌంటీలో ఇంకా చాలా దూరం, ఆదివారం కార్లో వెళ్ళి రావాల్సిందే. రిపోర్ట్‌లో గుడులకి గోపురం గుర్తులు వేశారు కానీ ఇంటి దగ్గర నుంచి ఎలా వెళ్తాం అని ఎవరూ ఆలోచించలేదు.

స్కూల్ సంగతి ఒక్కటి జాగ్రత్త. సన్నీవేల్ అడ్రస్ ఉంటే సన్నీవేల్ స్కూల్ అనుకోవద్దు. ఆ ఒక్క ఊరు సన్నీవేల్ డిస్ట్రిక్ట్, కూపర్టినో యూనియన్, సాంటా క్లారా యూనిఫైడ్ అని వేరే వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌ల ముక్కలుగా ఉంది. శాన్ హోసే పశ్చిమాన కొన్ని వీధులు కూడా కూపర్టినో యూనియన్ కిందకే వస్తాయి. అంటే కూపర్టినో స్కూల్ కోసం కూపర్టినోలోనే ఇల్లు తీసుకోనక్కర్లేదు, ఇది తెలిస్తే అద్దెలో చాలా మిగులుతుంది. ఇంటి నంబర్ దొరికాక డిస్ట్రిక్ట్ వాళ్ళ సైట్‌లో కొట్టి చూసుకున్నాకే సంతకం పెట్టండి, సీట్లు నిండితే అదే డిస్ట్రిక్ట్‌లో వేరే స్కూల్‌కి పంపుతారని కూడా సార్ హెచ్చరించారు.

మిగతా సర్వీస్ గురించి క్లుప్తంగా. ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌కి రెండో రోజు జవాబు. ఆఫీస్ రెండో ఫ్లోర్, లిఫ్ట్ చిన్నది, కింద పార్కింగ్ లేదు, బ్రిడ్జ్ దగ్గర సాయంత్రం ఐదు తర్వాత పోవద్దు. రిపోర్ట్ డబ్బులు వెనక్కి అడిగితే ఇవ్వలేదు, పాలసీ లేదన్నారు. దిద్దిన కాపీ స్కాన్ చేసి హెడ్ ఆఫీస్‌కి పంపిస్తామన్నారు, పది రోజులకి కొత్త ఫైల్ వచ్చింది, అందులో ఫ్రీమాంట్‌ని తీసి పక్క కౌంటీ అని రాశారు, హైస్కూల్ డిస్ట్రిక్ట్ సరిచేశారు, మిషన్ శాన్ హోసే మాత్రం ఇంకా శాన్ హోసేలోనే ఉంది. మళ్ళీ మెయిల్ పెట్టా.

5కి 3 ఇస్తున్నా, ఆ మూడూ సార్‌కే. కన్సల్టేషన్ ఒక్కటే విడిగా తీసుకోవచ్చా అని అడగండి, నాకు ముందు చెప్పలేదు కానీ తర్వాత తెలిసింది 6,000కి ఇస్తారంట. పెళ్ళికానివాళ్ళు, ఒక్కరే వెళ్ళేవాళ్ళు అయితే అసలు ఈ ఖర్చు అవసరం లేదు, ఆఫీస్‌కి దగ్గరగా ఎక్కడ రూమ్ దొరికితే అక్కడ దిగండి. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళకి మాత్రం ఆ గంట చాలా ఉపయోగం. మేము ఎల్ కామినోకి దగ్గర్లో సాంటా క్లారా వైపు రెండు అపార్ట్‌మెంట్లు చూసి పెట్టుకున్నాం. అత్తకి కాగితం మీద ఆ రోడ్డు గీసి చూపించా, షాపు ఇక్కడ, ఇల్లు ఇక్కడ, బస్ ఇక్కడ అని. ఎన్ని అడుగులు ఉంటుంది అని అడిగింది. మన ఇంటి నుంచి గణపతి గుడి అంత అత్తా, అన్నా. అయితే పోవచ్చు అంది.

వాళ్ళ దగ్గర టెక్సస్ కాలిన్ కౌంటీకి, సియాటిల్ వైపు కింగ్ కౌంటీకి కూడా ఇలాంటి రిపోర్టులే ఉన్నాయంట. అవి తీసుకునేవాళ్ళు ముందు ఒకటి చెక్ చేయండి. ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లో ఉంటుంది, బాథెల్ ఊరు కింగ్, స్నోహోమిష్ రెండింట్లో ఉంటుంది. ఆ ఊర్లని ఒకే కౌంటీలో మొత్తం వేసి రంగు కొట్టి ఉంటే డబ్బులు కట్టకముందే అడగండి, కట్టాక హెడ్ ఆఫీస్ అంటారు.